మా ఆవిడకు నేను వేసిన మార్కులు

మొన్న మా మనవరాలు తన ఫోన్ తెచ్చి చూపించింది. ఏ పూట ఏ మాత్ర వేసుకుందో, డాక్టరు మోతాదు ఎప్పుడు మార్చారో, ఆ రోజు మనసు ఎలా ఉందో అన్నీ అందులో వరసగా పడతాయట. ఆందోళనకు మందు వాడుతున్న సంగతిని కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా చెప్పేసింది. ఇదంతా మీ నానమ్మా నేనూ ఎప్పుడో కాగితం మీద చేశామన్నాను గానీ, నమ్మినట్టు లేదు. మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

అప్పట్లో నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాను. మార్కులు వేసేది మాష్టర్లు, పట్టికలోకి ఎక్కించేది మేము. ఒక్క అంకె తప్పు పోనివ్వనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. మా ఆవిడ లాలాగూడలో ఒక బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పేది. తార్నాకలో మా వీధికొచ్చే కూరల బండివాడు ఆమె గొంతు వింటేనే తూకం సరిచేసుకునేవాడు. అలాంటి మనిషి ఒక ఏడాది మొదట నిద్ర మాని, మాట ఆపక, ఆపైన మంచం దిగలేక, చివరికి బడికి సెలవు పెట్టింది. జూన్‌లో బడి తెరిచేనాటికి రాకపోతే వేరొకరిని పెట్టుకుంటామన్నారు. ఆమెకు నల్లబల్ల ముందు నిలబడటమే ప్రాణం.

మా పేటలో ఎవరి కంటా పడకూడదని ముషీరాబాద్‌లో డాక్టరుకు చూపించాం. మోతాదు మార్చిన ప్రతిసారీ తేదీ వేసి, పక్కనే రోజూ ఆమె మనసు ఎలా ఉందో రాయమన్నారాయన. రాయడమంటే నా తర్వాతే కదా ఎవరైనా! ఒక నోటు పుస్తకంలో ఆఫీసు పట్టికలాగే గళ్లు గీసి పదికి మార్కులు వేయడం మొదలుపెట్టాను. మోతాదు పెంచాక ఆమె నెమ్మదించింది. ఎదురు చెప్పదు, బేరమాడదు, పెట్టింది తింటుంది. కోడలు దారిలో పడిందని మా అమ్మ మురిసిపోయింది. నేను రోజూ ఎనిమిది వేశాను, ఒకరోజు తొమ్మిది కూడా.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ పుస్తకం ఆమె ఒళ్లో ఉంది. నా గళ్ల పక్కన ఇంకో గీత గీసి, ప్రతి రోజుకూ తన అంకె వేసుకుంది. నా ఎనిమిదికి ఎదురుగా రెండు, తొమ్మిదికి ఎదురుగా ఒకటి.

"బుద్ధిగా ఉన్నానని మార్కులు వేశారు. బాగున్నావా అని అడిగారా?" అంది.

సిగ్గుపడి, మర్నాడే ఆ పుస్తకంతో ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు రెండు వరసలూ చాలాసేపు చూసి, ఇకమీదట ఆమె రాసిందే లెక్క అని, మందును కొంచెం కొంచెంగా తగ్గించుకొచ్చారు. ఆ అంకె మూడయింది, మళ్లీ రెండుకు పడింది, నాలుగైంది, అలా పడుతూ లేస్తూ ఆరుకు చేరేసరికి ఇంట్లో ఆమె చేత నాకు చీవాట్లు మళ్లీ మొదలయ్యాయి. జూన్‌లో బడి తెరిచిన రోజున బస్సెక్కి వెళ్లి నాలుగు క్లాసులు చెప్పి వచ్చింది. అప్పుడు నాకు కలిగినంత గర్వం నా పట్టికలు ఏవీ ఇవ్వలేదు. డాక్టరు చెప్పినన్నాళ్లూ మందు వాడుతూ, ఆ పుస్తకం తనే రాసుకుంటూ, రిటైరయ్యేదాకా లెక్కలు చెప్పింది.

ఇప్పుడు ఈ జబ్బుల మాట ఎత్తడానికి పిల్లలు గొంతు తగ్గించడం లేదు, మంచిదే. నేను మాత్రం ఆ రోజుల్లో క్యాంపస్‌లో అడిగినవాళ్లందరికీ ఆమెకు టైఫాయిడ్ అని చెప్పాను. ఆమె రిటైరైన రోజున సభలో మైకు చేతికిచ్చి నాలుగు మాటలు చెప్పమంటే, వంట బాగా చేస్తుందని ఏదో నవ్వించి దిగిపోయాను. తన మనసు సంగతి తనే తేల్చి చెప్పి, మా అందరి లెక్కా సరిచేసిన మనిషి నా భార్య అని చెప్పాల్సింది. ముందు వరసలో కూర్చుని ఆమె ఆ మాట కోసమే చూసిందేమో.