రాళ్లు ఊడిన చోటు

మా డ్రాయింగ్ టీచర్ పోయారు. తమ్ముడిని చూడడానికి మా దీవుల ఉత్తర కొసన ఉన్న డిగ్లీపూర్ వెళ్లి, అక్కడే నిద్రలో కన్నుమూశారు. నాకు ఫోన్ చేసింది ఆ తమ్ముడే. ఏడుస్తూనే ఒక పని చెప్పారు. “పెద్దకర్మకి అక్క ఫొటో పెద్దది చేయించి తెచ్చియ్యమ్మా. బుగ్గ మీద ఆ తెల్లమచ్చ తీసీమను. సుబ్బరంగా ఉండాల.”

ఫొటో అనగానే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే టీచర్ రిటైరయ్యాక చేసిన పనల్లా ఫొటోలకు తీర్పు చెప్పడమే. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులోకి పురాతన మొజాయిక్‌ల ఫొటోలు వస్తుంటాయి. ఎప్పటివాళ్లో రంగురాళ్ల ముక్కలు పేర్చి నేల మీద వేసిన బొమ్మలవి. ఏ ఫొటో పెట్టొచ్చో, ఏది కూడదో ఓటు వేసేవాళ్లలో ఆవిడ ఒకరు. మా ఊళ్లో డైరీ ఫార్మ్ అనే పేటలో వాళ్లింట్లో, పక్కన కూర్చుని నేనూ చూసేదాన్ని. మా నెట్ సంగతి చెప్పక్కర్లేదు, పెద్ద ఫొటో పైనుంచి పట్టీలు పట్టీలుగా దిగేది. కింది మూల కనబడేదాకా ఆవిడ నోరు విప్పేవారు కాదు. ఈలోగా ఆవిడ టీ చల్లారిపోయేది. నన్ను మాత్రం వేడిగా తాగమని కసిరేవారు. బళ్లో బొమ్మలు గీయడం నేర్పారు గానీ, చూడడం నేర్పింది ఆ కుర్చీలోనే.

ఒకసారి చేపల బొమ్మ వచ్చింది. అద్భుతమని అందరూ ఓటేసేశారు. టీచర్ తెరకి ముక్కు ఆనించి, “అరే, ఈ తోకా ఆ తోకా రాయికి రాయి ఒకటే. చేత్తో పేర్చితే అలా వస్తుందా? ఊడిపోయిన చోట కంప్యూటర్‌లో నింపేశాడు,” అన్నారు. వద్దని ఓటేసింది ఆవిడొక్కరే. వేశాక కుదురు లేదు. “నేనే తప్పు చూశానేమో. పాపం, ఎంత దూరం పోయి తీశాడో,” అంటూ గేటుదాకా వెళ్లడం, మళ్లీ రావడం. తీసినతను ఒప్పుకుని అసలు ఫొటో పెట్టాక గానీ అన్నం తినలేదు. అందులో నడిమధ్య రాళ్లు లేక బోసిగా ఉంది. “పోయింది పోయినట్టే కనబడాలి కదా,” అన్నారు.

స్టూడియో అతను మచ్చ మీద వేలు పెట్టి అడగనే అడిగాడు. “దీదీ, ఈ దాగ్ సాఫ్ చేసేనా? దో మినట్ పని.”

తీసెయ్యమన్నది తోడబుట్టిన తమ్ముడు. కాదనడానికి నేనెవరిని?

“రహనే దో భయ్యా, ఉండనీ,” అన్నాను.

డిగ్లీపూర్ బస్సులో దారంతా ఫొటో ఒళ్లో పెట్టుకుని, ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. అంతమంది ముందు కోప్పడితే? టీచర్ ఉంటే ఆవిడనే అడిగేదాన్ని. ఆ మాట తోచాకే నాకు ఏడుపొచ్చింది.

టీచర్ తమ్ముడు ఫొటోకి చుట్టిన కాగితం విప్పి చాలాసేపు చూశారు. “తీయించనేదేటమ్మా?”

నేను ఆ కాగితాన్ని మడతలు పెట్టసాగాను. ఆయన ఫొటోని బల్ల మీద నిలబెట్టి దండ వేశారు. పూలు బుగ్గ మీదికి జారి మచ్చని కప్పేశాయి. హమ్మయ్య, గొడవ లేదనుకున్నాను.

ఆయన వంగి, రెండు వేళ్లతో దండని పక్కకి జరిపి, మచ్చ కనబడేలా సర్ది, అప్పుడు దీపం వెలిగించారు.