సాంచెకు వచ్చిన మంచి పేరు

ఇది ఒక మహాగాథ. ఇందులో మూడు పట్టణాలున్నాయి, ముగ్గురు వీరులున్నారు, ఆకాశాన్ని చీల్చే గిటారు ఉంది, ఒక తండ్రి పెట్టిన కఠిన పరీక్ష ఉంది.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మహాగాథ ఏమీ కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి ముగ్గురం కలిసి ఒక ఆల్బమ్ చేశాం. విన్నవాళ్లలో సగం మంది మా చుట్టాలు. మిగతా సగం మంది వేలు పొరపాటున లింకుకు తగిలింది.

మాది గ్యారేజ్ రాక్ బ్యాండ్. శుభ్రంగా వాయించడం రానివాళ్లు ఆ రాకపోవడాన్నే ఒక పద్ధతిగా చెప్పుకునే సంగీతమది. గ్యారేజీ కూడా నిజంగానే ఉండేది, జగిత్యాలలో మా మేనమామ బైకులు బాగుచేసే షెడ్డు. నేను బేస్ గిటారు. పాడేదీ, లీడ్ గిటారు కొట్టేదీ ఒక్కడే. కోరుట్లలో వాళ్ల నాన్నకు బట్టలు కుట్టే దుకాణం. డ్రమ్మర్‌ది సిరిసిల్ల. వాళ్ల బాపుకు సాంచెల కార్ఖానా ఉంది. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు.

డ్రమ్మర్‌తో ఒక చిక్కుండేది. మా షెడ్డులో వాడు పాటను నిదానంగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి బస్సు వెళ్లిపోతోందన్నట్టు ఉరికేవాడు. సిరిసిల్లలో మాత్రం గీత గీసినట్టు కొట్టేవాడు. వాడు పుట్టిందీ, పెరిగిందీ, నిద్రపోయిందీ సాంచె చప్పుడులోనే. పక్కన సాంచె నడుస్తుంటేనే వాడి చేతులు కుదురుగా ఉంటాయి. అందుకని రికార్డింగు కార్ఖానాలోనే పెట్టుకున్నాం. జగిత్యాలలో బతుకమ్మ పాటలు రికార్డు చేసే స్టూడియో అన్న ల్యాప్‌టాపు, మైకులు సర్దుకుని వచ్చాడు. సెలవు రోజు చూసి అన్ని సాంచెలూ ఆపేశాం, ఒక్కటి తప్ప.

"అది గూడ బంద్ చెయ్యరాదు?" అన్నాడు స్టూడియో అన్న.

"అది బందైతే నా చెయ్యి గూడ బందైతది, అన్నా."

"చెవులల్ల టిక్కు టిక్కు పెడత. అది ఇనుకుంట కొట్టు."

"చెవులల్ల గాదన్నా, కాళ్ల కింద నేల అదరాలె. రికార్డైనంక నువ్వు సాంచె సప్పుడు తీసెయ్యి."

"పెండ్లి వీడియోల తాగినోన్ని తీసేసినట్టనుకున్నవా? దాన్ని తీస్తే నిన్ను గూడ తీసుడే."

అయినా సాంచె నడిచింది. మేమూ నడిచాం, దాని వెనకాల.

ఇక పరీక్ష సంగతి. కార్ఖానాలో పనిచేసే ఒకాయన పని మానేసి, మహారాష్ట్రలో మరమగ్గాల ఊరు భివండికి వెళ్తున్నాడు. ఆయన స్థానంలో కొడుకును నిలబెట్టాలని బాపు ఆలోచన. కొడుకు బతిమిలాడితే ఒక మాట ఇచ్చాడు. "మన చుట్టం కానోడు, గీ పాటల సంగతి తెలిసినోడు ఎవడన్న నీ డ్రమ్ములు మంచిగున్నయని రాయాలె. గప్పుడు వేరే మనిషిని ఎతుక్కుంట. లేకుంటే దసరా దాటంగనే నువ్వే సాంచెల మీద నిలబడు."

చుట్టాల అభిప్రాయాలు ముందే వచ్చాయి. రుద్రంగిలో ఉండే డ్రమ్మర్ చిన్నమ్మ కొడుకు అన్ని పాటలకూ ఒకే నిమిషంలో బొటనవేలి లైకు పెట్టేశాడు. మా మేనమామ మొదటి పాట సగం విని, లేచి వెళ్లి తన బైకు చైను చూసుకున్నాడు. కోరుట్లలో గాయకుడి అమ్మీ, "మిక్సీ బంద్ చేసి పాడొద్దా, బేటా?" అంది.

చివరికి హైదరాబాదు నుంచి నడిచే ఒక వెబ్ పత్రికలో సమీక్ష వచ్చింది. ముగ్గురం కార్ఖానాకు పరుగెత్తాం. ఆపాటికి ఎవరమూ పూర్తిగా చదవలేదు. అది మా తెలివి. బాపు స్టూలు మీద కూర్చున్నాడు. గాయకుడు ఫోనులో చూసి పైకి చదివాడు.

గొంతులో కసి ఉందట. బేస్ "ఉన్నట్టు అనిపించింది" అట. నాకది చాలు. తర్వాత: "కానీ ఈ ఆల్బమ్‌కు ప్రాణం, వెనక ఆగకుండా నడిచే మరమగ్గం. ఇంత నిలకడైన, ఇంత మొండి దరువు ఈమధ్య వినలేదు."

అక్కడ గాయకుడికి దగ్గొచ్చింది.

"ఆగినవేంది? సదువు," అన్నాడు బాపు.

"డ్రమ్స్ దానికి అడ్డు తగలకుండా ఉంటే ఇంకా బాగుండేది."

బాపు కోప్పడి ఉంటే ఏదో ఒకటి వాదించేవాళ్లం. ఆయన ముఖం వెలిగిపోయింది. "గా మూలకున్న సాంచెనే గదా? మా నాయిన తెచ్చిండు దాన్ని. దాని గురించి ఎవలూ రాయలే గింతదాక. ఇంకొక్కసారి సదువు, కొడుకా."

ఇంకోసారి చదివాడు. డ్రమ్మర్ తలవంచుకుని రెండోసారీ విన్నాడు.

నేనే ఉండబట్టలేక అన్నాను. "బాపూ, సాంచె నడిచింది వీని కోసమే గదనే. వీడు లేకుంటే దాని సప్పుడు ఎవలు రికార్డు చేస్తుండిరి?"

ఆయన న్యాయంగానే ఆలోచించాడు. "నిజమే. గని రాసినోడివి నువ్వు గాదు గద."

సమీక్ష రాసినాయనకు కూడా మెయిలు పెట్టాను, ఆ ఒక్క వాక్యం మార్చమని, ఒకడి బతుకు దానిమీద ఉందని. చాలా మర్యాదగా జవాబిచ్చాడు. విమర్శను నేను ఇంతగా పట్టించుకోవడం నచ్చిందట. ఈసారి ఇంకొన్ని మగ్గాలు పెట్టమన్నాడు.

"వదిలెయ్యిరా," అన్నాడు డ్రమ్మర్. "చుట్టం కానోడు రాయాలన్నడు, రాసిండు."

దసరా దాటింది. వాడిప్పుడు రోజంతా సాంచెల మధ్య నిలబడతాడు. దరువు తప్పే ప్రశ్నే లేదు. మేం వెళ్తే ఒకరి మాట ఒకరికి వినబడదు. చేతులూపుకుని, చాయ్ తాగి వచ్చేస్తాం.

డ్రమ్ములు కార్ఖానా మూలనే ఉన్నాయి. పెద్ద డ్రమ్ముకు ఒక పక్క తోలు తీసేసి, నూలు చుట్టిన కండెలు అందులో పోస్తున్నారు. పాత గంపలో కన్నా ఎక్కువే పడుతున్నాయి. ఎలుకలు దూరకుండా ఒక మూత కావాలి.