మార్తా గుమ్మంలో బోర్లించిన బూట్లు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం లేదు, వినే ఓపిక అసలే లేదు. గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో శవాల గది పక్క వరండాలో కూర్చుని ఇడ్లీ తిన్నదాన్ని. ఎవరింట్లోనైనా పార్టీలో దయ్యాల కథ మొదలైతే ప్లేటు పట్టుకుని వంటింట్లోకి పోతాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి "పాపం, డాక్టరమ్మకి వయసు మీదపడింది" అనుకునేవాళ్ళుంటారు. అనుకోండి. నేను మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

1985 ఆగస్టు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు, నేను ఫ్యామిలీ డాక్టర్ని. అలాస్కాలో ఒక చేపల రేవు ఊళ్ళో క్లినిక్ డాక్టరు సెలవు మీద వెళ్తున్నాడని, ఆరు వారాలకి మనిషి కావాలని తెలిసింది. మా ఆయన వద్దన్నారు. వద్దన్నారు గనకే వెళ్ళానేమో, నిజం చెప్పాలంటే.

ఆ ఊరికి రోడ్డు లేదు. పడవలో వెళ్ళాలి, లేదా నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో. కొండలు సముద్రంలోంచే నిట్టనిలువుగా లేచి ఉంటాయి, ఆగస్టులో కూడా వాటి నెత్తిన మంచు. ఆ కొండల సందుల్లోకి సముద్రం సన్నటి పాయలుగా దూరి ఉంటుంది. వాటిని ఫియర్డ్‌లంటారు. ఊరంతా కలిపి రెండు వీధులు, చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఒకటి, చర్చి ఒకటి. నాకు రోజంతా ఒకటే పని. అరచేతుల్లో దిగిన గాలాలు తీయడం, కత్తిగాట్లు కుట్టడం.

నేను అద్దెకున్నది మార్తా అనే ఆవిడ ఇంట్లో, మేడ మీద గదిలో. ఆవిడకి అరవై దాటాయి. పిల్లల్లేరు. భర్త పీటర్ పదమూడేళ్ళ కిందట చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదని క్లినిక్ నర్సు చెప్పింది. మార్తా మాత్రం ఆయన ఊసెత్తేది కాదు. పొద్దున్నే కాఫీ ఇచ్చి, వాతావరణం సంగతి ఒక్క ముక్క చెప్పి, తన పనిలో పడిపోయేది.

అక్కడ చలికి ఇళ్ళకి రెండు తలుపులుంటాయి. బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య చిన్న గది. బూట్లు, కోట్లు అందులో విడిచి లోపలికి వెళ్ళాలి. చెప్పులు బయట విడిచే అలవాటున్న దాన్ని కదా, ఆ పద్ధతి నాకు తెగ నచ్చింది.

నాలుగో వారంలో మా ఆయన వచ్చారు, నాలుగు రోజుల సెలవు పెట్టి. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు. దాన్ని మిషిగన్‌లో మా పక్క వీధిలో ఉన్న తెలుగు స్నేహితురాలి దగ్గర దింపి వచ్చారు. చేపల ఊళ్ళో శాకాహారికి తిండి దొరకదని రెండు సీసాల ఆవకాయ మోసుకొచ్చారు. ఆయన బూట్లు పెట్టడానికి చోటు చేద్దామని ఆ చిన్న గది సర్దాను. మూలన వేలాడుతున్న పొడుగాటి కోటు వెనక, ఒక చెక్క మీద, నల్లటి రబ్బరు బూట్ల జత కనిపించింది. రెండూ బోర్లించి ఉన్నాయి, అడుగులు పైకి.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేనేమీ నమ్మను గానీ, తిరగబడిన చెప్పు కంటపడితే నా చెయ్యి ఊరుకోదు. ఇంట్లో గొడవలొస్తాయని మా అమ్మ గుమ్మంలోకి రాగానే చెప్పులు సరిచేసేది. ఆ అలవాటు నాకూ అంటుకుంది. ఎవరింటికి వెళ్ళినా, ఎవరి చెప్పులైనా సరే, తిప్పేస్తాను. ఈ బూట్లనీ అలాగే తిప్పి నిలబెట్టాను. దుమ్ము చేతికంటింది. లోపల పొడిగా, ఖాళీగా ఉన్నాయి. చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున ఆరింటికి మా ఆయన, కార్ల్ అనే అతని పడవలో వెళ్తానని తయారయ్యారు. కార్ల్ మా క్లినిక్ పేషెంటే. ముందురోజు వేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి, క్లినిక్‌లో కూర్చున్న మా ఆయనతో డీజిల్ ఇంజిన్ల కబుర్లలో పడ్డాడు. ఇద్దరూ కలిసి సముద్రంలోకి వెళ్ళి పడవ ఇంజిన్ ఎలా నడుస్తోందో చూసొస్తారట. మా ఆయనకి ఈత రాదు. మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగిన మనిషి కాదు.

"మీకేమైనా మతిపోయిందా? పిల్లని అక్కడ వదిలేసి వచ్చి ఈ షికార్లేమిటి?" అన్నాను.

"అబ్బ, లంచ్‌కి వచ్చేస్తాను సరోజా. ఊరికే టెన్షన్ పడకు," అని నవ్వుతూ వెళ్ళారు. నేను వెళ్ళిరమ్మని కూడా అనలేదు.

పదకొండింటికి పొగమంచు దిగింది. కొండలు పోయాయి, రేవు పోయింది, క్లినిక్ కిటికీలోంచి ఎదురుగా ఉన్న స్తంభం కూడా కనపడలేదు. పన్నెండయింది. ఒంటిగంటయింది. రేవు ఆఫీసుకి ఫోన్ చేశాను. కార్ల్ రేడియో పలకడం లేదన్నారు. ఈ మంచులో వెతకడానికి పడవ పంపితే దానికీ ప్రమాదమేనట, కాస్త విడిచాక పంపుతారట. ఒక కుర్రాడి చేతికి వేసిన కుట్టే విప్పి మళ్ళీ వేశాను. నర్సు నా మొహం చూసి, తక్కినవాళ్ళని తను చూసుకుంటానని నన్ను ఇంటికి పంపింది.

గోడ పట్టుకుని నడిచినంత పనిచేసి ఇల్లు చేరాను. బయటి తలుపు తీయగానే మార్తా కనిపించింది. కోటు పక్కకి లాగి, ఆ బూట్ల ముందు నిలబడి ఉంది. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు తిప్పారు ఇవి?" అంది.

"నేనే. తిరగబడి ఉంటేనూ..." అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అక్కడే ఉన్న చిన్న బెంచీ మీద కూలబడి, నాలుగు వారాల్లో మాట్లాడనిదంతా ఒక్కసారిగా మాట్లాడింది. పీటర్ పడవ దొరికింది గానీ పీటర్ దొరకలేదు. ఈ బూట్లు పడవ మీద పక్కపక్కనే విడిచి ఉన్నాయి. నీళ్ళలోకి దూకాల్సి వచ్చినవాడు బరువుకి మునిగిపోకుండా ఉండాలని బూట్లు విడిచేస్తాడట. సముద్రం తిరిగివ్వని మనిషి బూట్లు నిలబెట్టి ఉంచితే, వాటి కోసం అతను లేచి నడుస్తాడని ఆ ఊరి పాతకాలం వాళ్ళ నమ్మకం. అందుకే బోర్లిస్తారు. మార్తా పదమూడేళ్ళుగా వాటిని ముట్టుకోలేదు.

ఇంకోరోజయితే నవ్వేసేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. తిప్పేద్దామని చెయ్యి చాచాను.

మార్తా నా మణికట్టు పట్టుకుంది. "వద్దు డాక్టర్! ఇప్పుడు తిప్పితే, పీటర్ ఎక్కడున్నాడో అక్కడే ఆగిపోతాడు. మీ ఆయన అతని దగ్గరుంటే, అతనితోపాటే అక్కడ ఉండిపోరూ?" అంది.

ఇద్దరం ఆ బెంచీ మీద కూర్చుండిపోయాం. పట్టపగలు. గడియారం చూశాను, మూడు కావడానికి ఇరవై నిమిషాలు తక్కువ. నేను ఆంజనేయ దండకం అందుకున్నాను, పెళ్ళయ్యాక ఎప్పుడూ చదవలేదు, సగం మర్చిపోయాను. మొదటి నాలుగు ముక్కలే తిప్పి తిప్పి చదివాను.

అప్పుడు బూట్ల కింద చెక్క తడిసింది. ముందు ఎవరో కాఫీ ఒలకబోసినంత మరక. తర్వాత అది చెక్క అంచు దాటి నేల మీదికి పాకింది. నేను వంగి చూశాను. పైకప్పు నుంచి కారడం లేదు, గోడ పొడిగా ఉంది, బూట్ల పైభాగమూ పొడిగానే ఉంది. నీళ్ళు వాటి అడుగులనుంచే వస్తున్నాయి. వేలు ముంచాను. ఐసు నీళ్ళు. డాక్టర్ని, చేయకూడని పనే, అయినా నాలుక్కి రాసుకున్నాను. ఉప్పగా ఉన్నాయి.

మార్తా కాళ్ళు పైకి ముడుచుకుంది. నేనూ ముడుచుకున్నాను. నీళ్ళు బెంచీ దాకా వచ్చి ఆగాయి. మళ్ళీ గడియారం చూస్తే మూడూ పది.

అయిదింటికి మంచు పలచబడింది. రేవులో కార్ల్ పడవ కూత వినిపించింది. నేను మేజోళ్ళతోనే పరిగెత్తాను. మా ఆయన చేతులనిండా నూనెతో దిగారు. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఆయన ఛాతీ మీద రెండు గుద్దులు గుద్ది భోరున ఏడ్చాను.

జరిగింది ఇది. మంచులో ఇంజిన్ ఆగిపోయింది. బ్యాటరీ పోయింది, దానితోపాటే రేడియో. ఆటుపోట్ల నీరు పడవని ఎటో లాక్కుపోయింది. మా ఆయన కింద కూర్చుని ఇంజిన్ విప్పి, తుడిచి, చేత్తో తిప్పి ఎలాగో స్టార్ట్ చేసి పైకొచ్చారు. ఎటు వెళ్ళాలో కార్ల్‌కి తెలియలేదు. అప్పుడు మంచులో, ఎదురుగా చాలా దగ్గర్లో, ఒక బండ మీద మనిషి నిలబడి కనిపించాడట. మా ఆయన కేకపెడితే కార్ల్ పడవ తిప్పేశాడు. ఆ బండ పక్కనుంచి మూరెడు దూరంలో బయటపడ్డారు. కార్ల్ బండని చూశాడు గానీ, మనిషిని చూడలేదు. మా ఆయన అప్పుడే వాచీ చూసుకున్నారు. అది ఇంకా మిషిగన్ టైమ్‌లోనే ఉంది, ఏడూ పది. అంటే మాకు మూడూ పది.

ఇంటికి వచ్చాక ఇదంతా విని మార్తా ఆయన్ని అడిగింది ఒకే ఒక ప్రశ్న. "అతని కాళ్ళకి ఏముంది?"

"బూట్లు లేవు. మేజోళ్ళు ఉన్నాయి, బూడిద రంగువి. ఒకదాని మడమ దగ్గర ఎర్ర ఊలుతో కుట్టి ఉంది," అన్నారు ఆయన.

మార్తా రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ అతుకు వేసింది తనేనంది. "చెయ్యి చాపి అవతలికి దారి చూపించాడు," అని మా ఆయన మెల్లగా అన్నారు. ఆవిడ అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. పదమూడేళ్ళు ఆ మంచివాణ్ణి భయపడి దూరం పెట్టానే అని ఏడ్చింది. తర్వాత నేల తుడిచి, బూట్లు తుడిచి, వాటిని గుమ్మం పక్కనే, ముందువైపు ఇంట్లోకి ఉండేట్టు నిలబెట్టింది.

పదిహేను రోజుల తర్వాత నేను ఇల్లు చేరాను. ఆ రాత్రి పాప పడుకున్నాక మా ఆయన అసలు సంగతి చెప్పారు.

"అతను దారి చూపించలేదు సరోజా. రమ్మని పిలిచాడు. రెండు చేతులా. ఇంటికొచ్చిన చుట్టాల్ని పిలిచినట్టు, నవ్వుతూ. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి వస్తున్నాడు. నేను భయపడి అరిచాను, అంతే."

"మరి ఆవిడకి అబద్ధమెందుకు చెప్పారు?"

"ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు."

మార్తా ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేది. మొదటి ఏడాది, గుమ్మంలో నేల రెండుసార్లు తడిసిందని రాసింది. రెండో ఏడాది, మంచు దిగినప్పుడల్లా తడుస్తోందని, తను కాఫీ పెట్టి ఉంచుతున్నానని రాసింది. నేనక్కడున్నప్పుడు అంత సంతోషంగా ఆవిడ ఏనాడూ మాట్లాడలేదు. నిజం చెబుదామని నేను మూడుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. నమ్మని దాన్ని, ఏమని హెచ్చరించను? "ఆవిడ సుఖంగా ఉంది, వదిలెయ్," అన్నారు మా ఆయన. వదిలేశాను. అదే నేను చేసిన తప్పు, ఆ మాట ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటాను.

మూడో ఏడాది కార్డు రాలేదు. కార్ల్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఒక మధ్యాహ్నం పొగమంచు దిగిందట. అది విడిచాక చూస్తే మార్తా ఇంటి తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యి మీద కాఫీ ఇంకా వెచ్చగా ఉంది. రెండు వారాలు వెతికారు, ఆవిడ దొరకలేదు. గుమ్మంలో పీటర్ బూట్ల పక్కనే ఆవిడ బూట్లు చక్కగా విడిచి ఉన్నాయి, నేలంతా తడి. "ఆ ఇంటి సంగతి మీకు తెలుసని మార్తా చెప్పింది. ఈ రెండు జతలూ ఏం చేయమంటారు డాక్టర్?" అని అడిగాడు.

ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో. మా ఆయన నచ్చజెప్పడానికి చూశారు. పెద్దావిడ, మతిమరుపు, చలి, అలా నడుచుకుంటూ నీళ్ళ వైపు వెళ్ళిపోయి ఉంటుందన్నారు. డాక్టరుగా నేనూ అదే అంటాను. ఆ రోజు నా వేలికంటిన ఉప్పునీళ్ళ గురించి మాత్రం ఏమీ అనలేను. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను, నాకు తెలియలేదు.

ఇప్పటికీ ఎవరి గుమ్మంలోనైనా చెప్పు తిరగబడి ఉంటే సరిచేసే లోపలికి వెళ్తాను. అలాంటి నేను ఆ ఉత్తరం అందిన రోజే కార్ల్‌కి జవాబు రాసి పోస్టు చేశాను. అందులో రాసింది ఒక్కటే వాక్యం. రెండు జతలూ బోర్లించండి, మళ్ళీ ఎవరినీ ముట్టుకోనివ్వకండి.