కటూంబాలో పరిమళ్ దా సరోద్‌ను రికార్డు చేయబోయిన ఆదివారం

"గోళ్లు చీలిపోతున్నాయి, మా" అని పరిమళ్ దా ఫోన్లో అనడంతో ఈ ప్రయాణం మొదలైంది. బెంగాలీలు కూతురి వయసువాళ్లను అలాగే 'మా' అని, అన్నలాంటి పెద్దవాళ్లను 'దా', 'దాదా' అని పిలుస్తారు. ఆయన నాకు ఆరేళ్లు సరోద్ నేర్పిన గురువు. సరోద్‌కు మెట్లు ఉండవు, ఎడమచేతి గోళ్ల అంచుతో తీగను నొక్కి జార్చాలి. గోళ్లు పోతే వాద్యం పోయినట్టే. ఆయన సొంతంగా కట్టిన రచనలు నలభై దాకా ఉన్నాయి, ఒక్కటీ రికార్డు కాలేదు. కనీసం వానాకాలం మీద కట్టినదాన్నైనా పట్టుకొద్దామని సిడ్నీలో మేముండే వెస్ట్‌మీడ్ నుంచి బయలుదేరాను.

మామూలుగా ఎనిమిదింటి రైలెక్కితే గంటన్నరలో ఆయనుండే కొండ ఊరు కటూంబా. ఆదివారం రానూపోనూ పది డాలర్లలోపే అవుతుంది. కానీ ఆ రోజు పట్టాల మరమ్మతులున్నాయి, నేను ముందు చూసుకోలేదు. సగం దారిలో, పెన్రిత్ స్టేషన్లో అందరినీ దింపేశారు. రైలుకు బదులు వేసిన మొదటి బస్సు నిండిపోయింది, రెండోదానికి గంట ఎండలో నిలబడ్డాం. ఫోన్లో మా ఆయన మీద నా విసుగంతా చూపిస్తుంటే, బస్సు డ్రైవరు విని నవ్వాడు. కరీంనగర్ అతను.

"ఏం జేస్తం అక్కా, వీకెండ్ వస్తే ట్రాక్‌వర్క్ పెడ్తరు. యాప్‌ల చూస్కోవాలె."

"ఇప్పుడు చెప్తే ఏం లాభం, తమ్ముడూ!"

పదింటికి చేరాల్సినదాన్ని పన్నెండు దాటాక చేరాను. తలుపు తీసిన దాదా ముఖం ముడుచుకుని ఉంది. మేం సగం హిందీ, సగం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. "పదింటికి నా చేతులు బాగున్నాయి. ఇప్పుడు ఆకలేస్తోంది" అన్నారు.

చేసేదేముంది, తిన్నాం. ఆవపెట్టిన చేపల కూర వడ్డిస్తూ తన కథ చెప్పారు. జల్పాయిగురిలో మేనమామ దగ్గర సరోద్ నేర్చుకోవడం, కలకత్తా నాటకాలకు సంగీతం కట్టడం, భార్యకు నర్సు ఉద్యోగం వస్తే సిడ్నీ రావడం. ఇక్కడ ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని చేశారు. శనివారాలు క్వేకర్స్ హిల్‌లోని వాళ్లింటి గరాజ్‌లో మాకు పాఠాలు. ఆవిడ పోయాక ఈ కొండ మీదికి మారారు.

రెండింటికి రికార్డర్ పెట్టాను. మొదటిసారి కాకటూ పక్షులు గోల చేశాయి. రెండోసారి పక్కింటాయన ఆకులు ఊడ్చే మిషన్ వేశాడు. మూడోసారి అంతా నిశ్శబ్దమే, కానీ దాదా రెండో భాగం మార్చేశారు. నాలుగోసారి మొదటిదీ మార్చేశారు.

నాకు ఓపిక అయిపోయింది. "దాదా, ఒక్కసారి మార్చకుండా వాయించండి! ఏది మీ రచనో నాకెలా తెలుస్తుంది?"

ఆయన సరోద్ ఒడిలోకి దించుకున్నారు. "కలకత్తాలో ఒక బాణీని మార్చకుండానే నేర్పాను. వాద్యబృందం నడిపే అతనికి, స్వరం స్వరం చెప్పాను. మరుసటి ఏడు అది అతని పేరుతో రికార్డుగా వచ్చింది. ఆ తర్వాత దేన్నీ రెండుసార్లు ఒకేలా వాయించలేదు."

"ఇక్కడ దొంగిలించేవాళ్లెవరు దాదా? వినేవాళ్లే లేరు" అనేశాను. అన్న క్షణమే నాలుక కరుచుకున్నాను.

ఆయన సరోద్ మళ్లీ ఎత్తుకుని శ్రుతి సరిచూసుకున్నారు. "అదీ నిజమే. బటన్ నొక్కు" అన్నారు.

ముందు తన పేరు, తన ఊరి పేరు చెప్పారు. "ఇది నేను కట్టినది" అని స్పష్టంగా పలికి మొదలుపెట్టారు. మూడో భాగంలో చూపుడువేలి గోరు చీలింది. నేను రికార్డర్ ఆపబోతే తల అడ్డంగా ఊపి, వాద్యం నా చేతికిచ్చారు. నాలుగుసార్లు విన్నాను కదా, మిగతాది నేను వాయించాను. తప్పిన చోటల్లా ఆయన పాడి సరిదిద్దారు. చివర్లో "ఇప్పుడు నీకు వచ్చింది" అన్నారు.

తిరుగు బస్సు కూడా నలభై నిమిషాలు ఆలస్యమే, నా కోపమూ తగ్గలేదు. కానీ అది సగం నామీదే. ఆరేళ్లు ప్రతి శనివారం 'ఈరోజు వేరేలా నేర్పుతున్నారేంటి' అని సణిగానే తప్ప, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆ పన్నెండు నిమిషాల రికార్డింగులో ఆయన వాయించినదీ, నేను తడబడినదీ, ఆయన పాడినదీ అన్నీ ఉన్నాయి. ఏదీ కత్తిరించలేదు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా: పెద్దవాళ్ల ఇంట్లో అడుగుపెట్టగానే రికార్డర్ ఆన్ చేయండి. జల్పాయిగురి గురించీ మేనమామ గురించీ ఆయన చెప్పినప్పుడు నాది సంచిలోనే ఉంది.