దొర మెప్పుకు నలభై నిమ్మకాయలు

నాకు వెటకారం తెలియదంటే మా ఇంట్లో నవ్వుతారు. నేను మా నాయనమ్మ పెంపకంలో పెరిగినవాణ్ణి. ఆలస్యంగా లేస్తే, "అయ్యో బాబూ, అప్పుడే లేచిపోనావా? ఎండ ఇంకా నడినెత్తికి రానేదే!" అనేది. మన వెటకారానికి సాగదీసిన గొంతుంటుంది, తిప్పిన మూతి ఉంటుంది. పక్కింటివాళ్ళకి కూడా అర్థమవుతుంది. ఇంగ్లీషు వెటకారానికి ఇవేవీ ఉండవని మాత్రం ఇరవై రెండో ఏట, మావాళ్ళు రంగం అనే రంగూన్‌లో, ఉద్యోగం ఊడబోయేదాకా నాకు తెలియలేదు.

పజుండౌంగ్ వాగు ఒడ్డున ఒక బియ్యం మిల్లులో రెండేళ్ళు బస్తాలు మోశాను. మిషన్ బడిలో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల పుణ్యమా అని నన్ను దుబాసీని చేశారు. దొర మాట మనవాళ్ళకి తెలుగులో చెప్పాలి, వాళ్ళ మాట దొరకి ఇంగ్లీషులో చెప్పాలి. భుజం మీద గోనె పోయి కోటు వచ్చింది. వారం రోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ రోజు ట్వంటే అనే ఊరి వైపు నుంచి మూడు వడ్ల పడవలు వచ్చాయి. మా జట్టు నలభైమందీ పొద్దున్నే ఒక పడవ దించి, బస్తాలు దొంతర పెట్టారు. ఆ దొంతర సారా తాగినవాడిలా ఓ పక్కకి ఒరిగింది. దొర వచ్చి చూశాడు. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"అద్భుతం. రంగం మొత్తంలో ఇంత చక్కటి గోడ నేను చూడలేదు. పాపం, బాగా అలిసిపోయి ఉంటారు. అందరూ ఇళ్ళకి వెళ్ళి కాళ్ళు చాపుకోండి," అని ఇంగ్లీషులో చెప్పి ఆఫీసులోకి వెళ్ళిపోయాడు.

నేను పొల్లుపోకుండా తెలుగు చేశాను. జట్టు మేస్త్రీ నమ్మలేదు.

"ఇళ్ళకెళ్ళిపోమన్నాడా? సరిగ్గా ఇన్నావేటి అల్లుడా?"

"ఇంగ్లీసు నీకొచ్చా, నాకొచ్చా మామా?" అన్నాను. ఆ పొగరుకి ఇప్పటికీ సిగ్గుపడతాను. అరగంటలో ఒడ్డంతా ఖాళీ అయిపోయింది.

పెద్దవాళ్ళు మెచ్చుకున్నాక ఉత్త చేతులతో ఎదురుపడటం మా వైపు మర్యాద కాదు. నిమ్మకాయ చేతిలో పెట్టి దండం పెట్టాలి. మర్నాడు పొద్దున్న నలభైమందీ నలభై నిమ్మకాయలతో ఆఫీసు మెట్ల ముందు వరసగా నిలబడ్డారు. దొర మొహం జేవురించి బయటికొచ్చాడు. నోరు తెరిచేలోగా మేస్త్రీ మొదటి కాయ చేతిలో పెట్టేశాడు. ఆయన చేతులు నిండాయి, జేబులు నిండాయి, చివరికి టోపీ కూడా నిండింది. అప్పుడు నావైపు తిరిగి, రెండు పడవలు దించకుండా వీళ్ళని ఇళ్ళకి పంపింది ఎవరని అడిగాడు.

"తమరే కదండీ," అన్నాను. అంటుండగానే కోటు పోయి మళ్ళీ గోనె భుజమెక్కడం కళ్ళకి కట్టింది.

మా జట్టులో రాలిన వడ్లు చేటతో చెరిగే ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. దొర వాలకం, నా వాలకం చూసి పకపకా నవ్వింది.

"నిన్న ఆడు ఎటకారమాడినాడ్రా బాబూ! మా అత్త కూడా నన్నలాగే మెచ్చుకునీది."

"మరి నిన్ననే సెప్పలేదేటి పెద్దమ్మా?"

"సెప్తే? పట్టపగలు ఇంటికాడ కాళ్ళు సాపుకునే బాగ్గెం మళ్ళీ ఎప్పుడొస్తాది?"

ఆవిడ ఏమంటోందని దొర అడిగాడు. కట్టుకథ అల్లే ఓపిక నాకు లేదు. అత్తగారితో సహా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాను. మొదటిసారి ఆ మొహం కదిలింది. నవ్వు ఆపుకోబోతే టోపీలోంచి రెండు నిమ్మకాయలు మెట్ల మీదికి దొర్లాయి. వెంటనే సర్దుకుని, మళ్ళీ అదే రాతి మొహంతో, "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే," అన్నాడు.

ఇది నిజమా, వెటకారమా? నిన్న కూడా ఈ గొంతుతోనే కదా మెచ్చుకున్నాడు! దొర మాట మనవాళ్ళకి చెప్పాల్సిన దుబాసీని, దొర అన్నది ముసలమ్మ చెవిలో వేసి దిక్కులేనివాడిలా నిలబడ్డాను. ఆవిడ చేట పక్కన పెట్టి, దొర మొహాన్ని కాసేపు ఎగాదిగా చూసింది.

"ఎల్రా, ఎల్లి పని సూసుకో. ఈపాలి నిజింగానే అన్నాడు."