కాంట్రా డాన్స్‌కి ఎదుటి మనిషి కావాలి

ఈ సాయంత్రం మలేసియాలో, క్లాంగ్‌లోని మా ఇంటి హాల్లో సోఫా పక్కకు జరిపి, ఇక్కడి మన తెలుగువాళ్లకు ఆన్‌లైన్‌లో కాంట్రా డాన్స్ పరిచయం చేశాను. అది అమెరికా పల్లెల ఆట. రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడి, జంటలు మారుతూ, ఆట అయ్యేసరికి వరుసలో అందరి చేతులూ పట్టుకుంటారు. నాతో ఆడి చూపిస్తానన్న మా ఆయన పోర్ట్ క్లాంగ్‌లో పని తెమలక రాలేదు. ఇల్లు తుడిచే మాప్‌నే జంటగా పట్టుకుని గిర్రున తిరిగాను. అందరి కెమెరాలూ ఆపేసి ఉన్నాయి. కనీసం నవ్వారో లేదో కూడా తెలియలేదు.

సందేహాలు అడగమంటే ఒకమ్మాయి, ఇక్కడి మలేసియా అలవాటుగా మాటకి 'లా' తగిలించి, చాట్‌లో రాసింది: "రికార్డింగ్ పంపండి లా, అక్కా. ఇంట్లో ఒక్కదాన్నే సేసుకుంటాను."

ఇంతసేపూ నేను చెప్పింది ఎవరికి?

అప్పుడు ఒకే ఒక్క కెమెరా వెలిగింది. తెలుక్ ఇంటాన్ నుంచి ఒక పెద్దావిడ, చేతిలో కోలాటం కర్రలతో.

"మరి నాకెదర ఎవులు నిలబడతారమ్మా?"

"మీ ఊళ్లో కోలాటం వాళ్లున్నారు కదా, ఆంటీ?"

"ఆళ్లే ఉంటే నానిక్కడికెందుకొస్తానమ్మా?"

"రికార్డింగ్ పంపుతాను ఆంటీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆవిడ తలూపి కెమెరా ఆపేశారు. మాప్ ఇంకా నా చేతిలోనే ఉంది.

తెలుక్ ఇంటాన్ దగ్గర ఎవరైనా ఉంటే కింద రాయండి. ఆట రాకపోయినా పర్వాలేదు. ఆవిడకి ఎదురుగా నిలబడితే చాలు.