వుడ్స్ అంటే అడవి కాదు

మా పక్కింటి ఇంగ్లీషు సారు పోయారు. ఆ కబురు కూడా ఇంగ్లీషులోనే వచ్చింది. ఖమ్మం దవాఖానా నుంచి ఆయన బిడ్డ మా కోడలి ఫోనుకు మెసేజ్ పెట్టింది. పదో తరగతి చదివిన కోడలు అక్షరాలు కూడబలుక్కుని, "సారు పాస్డ్ అవే అట అత్తమ్మా" అంది. పాస్ అంటే ఏందే అని అడిగాను. దాటుడు అంది. అవే అంటే? దూరం అంది. దాటి దూరం పోయారంటే ఇంకా పెద్ద దవాఖానాకు మార్చారేమో అనుకున్నాను. కోడలి మొహం చూస్తే అట్లా లేదు. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఇట్లాంటి మాట చెవిన పడితే చెప్పులేసుకుని పక్కింటికి పోవడం నాకు అలవాటు. ఆ రోజూ వేసుకున్నాను. వాకిట్లోకి వచ్చాక తెలిసింది, అడగడానికి అక్కడ ఎవరూ లేరని.

నా గుణమే అంత. నా ముందు ఎవరన్నా ఇంగ్లీషు మాట్లాడితే అది నా మీదనే అనిపిస్తుంది. నాకు తెలియాల్సిన మాటయితే తెలుగులోనే అంటారు కదా!

ఒకసారి రోడ్డు కొలవడానికి చండ్రుగొండ నుంచి ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన ఫోన్లో "కిల్ టూ బర్డ్స్" అన్నాడు. కోడలిని అడిగితే రెండు పిట్టల్ని చంపుడు అంది. నేను కోళ్లను గంప కింద కప్పి, కర్ర పట్టుకుని పక్కన కూర్చున్నాను. సారు గోడ మీదుగా చూశారు.

"ఏందక్కా, కోళ్లకు కావలి కాస్తున్నవ్?"

సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తువ్వాలు కొసతో తుడుచుకున్నారు. ఏ మాటకు అర్థం చెప్పాలన్నా ముందు అద్దాలు తుడవాల్సిందే. "అద్దాలు తుడిస్తే మాట మంచిగ ఇనపడతదా సారూ?" అని ఎకసెక్కమాడాను. "చెవులకు అద్దాల్లేవాయె, ఏం జేస్త" అన్నారు. ఆ తర్వాత ఎప్పటిలాగే అడిగారు. "ఎవరన్నరు? ఎవరితోటన్నరు? అన్నప్పుడు ఎటు చూసిండు?"

అన్నీ విని నవ్వారు. "ఒక్క దెబ్బకు రెండు పిట్టలని నువ్వనవా? గదే ఇది. వచ్చిన దారిల ఇంకో పని గూడ చూసుకపోత అంటున్నడు."

"మరి కోళ్లకేం కాదా?"

"గా మాట నేను చెప్పలేను. వాళ్లకు ఆకలైతే ఏమైతదో!"

ఆ సాయంత్రం దాకా గంప ఎత్తలేదు నేను.

"మాటను ఇరగ్గొట్టి చూడకక్కా" అనేవారు సారు. "కడుపుల చల్ల కదలకుంట కూసున్నడు అంటం. కడుపు కోస్తే చల్ల ఉంటదా?"

అయినా ఒకసారి ఇరగ్గొట్టే చూశాను. వానాకాలంలో మా పెద్దోడికి మలేరియా జ్వరం తలకెక్కింది. భద్రాచలంలో ఒక దవాఖానాలో చేర్చాం. మేం అడవి కొట్టి చేసుకుంటున్న పోడు చేను ఫారెస్టోళ్లు గుంజుకుంటారని ఊళ్లో గుసగుసలు నడుస్తున్న రోజులవి. పొద్దున డాక్టరమ్మ వచ్చి, మా వైపు చూస్తూ నర్సుతో "నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్" అంది. కోడలి చెయ్యి గిల్లాను.

"వుడ్స్ అంటే అడవి అత్తమ్మా. ఇంకా అడవిలకెల్లి బయటికి పోలే అంటున్నది."

మేం ఇంకా అడవి వదిలి పోలేదనే కదా ఆమె బాధ! చీటీ రాసినప్పుడు ఊరి పేరు మళ్లీ మళ్లీ అడిగారు. ఆధార్ కార్డు తీసుకున్నారు. ఇందుకే అన్నమాట! పిల్లగాణ్ని మంచం మీద పెట్టుకుని చేను రాయించుకుంటారని తేల్చుకున్నాను. "ఆటో మాట్లాడు, వీణ్ని జల్దీ ఇంటికి తీస్కపోదాం" అన్నాను. కోడలు ఏడ్చుకుంటూ సారుకు ఫోన్ చేసింది.

ఆయన దొరికిన బస్సెక్కి వచ్చేసరికి నేను బట్టలు మూట కట్టేశాను. ఆ రోజు సారు అద్దాలు తుడవలేదు.

"గండం ఇంకా గడవలేదని ఆమె అన్నది. గంతే అక్కా. మూట ఇప్పు."

"నువ్వు గూడ ఆళ్ల దిక్కేనా సారూ? నీ పొలానికి పట్టా ఉన్నది. నీకేం భయం?"

వార్డులో అందరూ మా వైపు తిరిగారు. ఇంకొకరయితే ఆ మాటకు వెనక్కి పోయేవారు. సారు పోలేదు.

"అవ్, నన్ను నమ్మకు. ఆమెనే అడుగుదాం పా."

డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. "అమ్మా, పొద్దున అన్న మాట ఈ అక్కకు తెలుగుల చెప్పుండ్రి. నేనిక్కడ ఉండను" అని వరండా చివరిదాకా పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు, సైగ చేశారని కూడా నేను అనుకోకుండా.

"ఇప్పుడు తీసుకుపోతే నీ కొడుకు దక్కడమ్మా" అంది డాక్టరమ్మ.

మూట విప్పాను.

పెద్దోడు లేచి తిరుగుతున్నాక సారును అడిగాను. "అడవిలకెల్లి బయట పడితే గండం గడిచినట్టెట్ల సారూ? మమ్మల్ని బయటికి ఎల్లగొడితేనే గద గండం?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ మాట పుట్టించినోళ్లకు అడవంటే దారి తప్పే జాగ. నీకు బువ్వ పెట్టే జాగ. ఎవల భయం వాళ్ల మాటల్ల ఉంటదక్కా" అన్నారు. నాకు ఇంగ్లీషు రాలేదు గానీ, ఆ తర్వాత ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల మీద కోపం కొంచెం తగ్గింది. వాళ్లకూ భయాలున్నాయి కదా అని.

ఖమ్మం నుంచి సారును తెచ్చిన వ్యాను మా ఊరి ముందరి వాగు దగ్గర ఆగిపోయింది. నీళ్లు ఎక్కువగా ఉన్నాయి. అక్కడే పాడె కట్టారు. ముందు కొమ్ము మా పెద్దోడు ఎత్తుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే. వెనక పట్టినవాళ్లు సరిగ్గా పట్టారో లేదోనని నా అనుమానం. ఏడవడం కూడా మరిచిపోయి, ఒడ్డున నిలబడి నా కొడుకు కాళ్లనే చూశాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. పాచి పట్టిన రాళ్ల మీద వాడు వేళ్లతో తడిమి తడిమి అడుగు వేస్తున్నాడు. భుజం మీది వెదురు ఎటూ ఒరగలేదు.